సంతకాల పిటిషన్ మొదలుపెట్టే ముందు

అమెరికాలో సంతకాలు సేకరించి ఓటర్లే చట్టాన్ని ప్రతిపాదించే హక్కు అన్ని రాష్ట్రాల్లో లేదు. టెక్సాస్, న్యూజెర్సీలలో రాష్ట్రస్థాయిలో అసలు లేదు, అక్కడ శాసనసభ్యుల చుట్టూ తిరగాల్సిందే. కాలిఫోర్నియాలో 1911 నుంచి ఉంది. అక్కడైతే ఇవి చూసుకోండి:

- ముసాయిదాతో పాటు 2,000 డాలర్లు కట్టాలి. అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) శీర్షిక, సారాంశం ఇచ్చేదాకా ఒక్క సంతకం కూడా తీసుకోవద్దు.

- మామూలు చట్టానికి గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం సంతకాలు, రాజ్యాంగ సవరణకు 8 శాతం. గడువు 180 రోజులు.

- ఎక్కువగా దెబ్బతినేది సంతకాల కాగితం దగ్గరే. పేరు, చిరునామా ఓటరే తన చేత్తో రాయాలి. తొందరలో ఉన్నారు కదా అని మీరు నింపకండి. ఇల్లు మారి, ఓటరు నమోదులో పాత చిరునామానే ఉంటే ఆ సంతకం చెల్లదు. పెన్ను చేతికిచ్చే ముందే ఈ మాట అడగండి, పాపం వాళ్ల శ్రమ కూడా వృథా కాదు. ఒక కౌంటీ (మన జిల్లాలాంటిది) వాళ్ల సంతకాలు ఇంకో కౌంటీ కాగితంలో కలపొద్దు.

- కొన్ని సంతకాలు చెల్లవని కొట్టేస్తారు, ఖాయం. అవసరానికి మించి సేకరించండి.

- సంతకం పెట్టేవాళ్లు ప్రతిపాదన పూర్తి పాఠం చదువుతామంటే ఆగండి. అది వాళ్ల హక్కు.