యూదు శ్మశానంలో ఫీల్డ్‌వర్క్ - 4వ పాఠం: నెల చూడకుండా ఏడాది రాయొద్దు

ఈసారి గ్రిడ్ వేసి రాళ్ళకి నంబర్లు ఇవ్వడం చెప్దామనుకున్నా గానీ పోయిన పాఠం హోంవర్క్ (సమాధిరాళ్ళ మీది హీబ్రూ తేదీని ఇంగ్లీషు ఏడాదిలోకి మార్చడం) చూశాక అది పక్కన పెట్టేశా. గ్రిడ్‌లో పెద్ద విషయమేం లేదు, వరసకో అక్షరం, రాయికో నంబరు, అంతే. సమాధి మీద కాలు పెట్టకూడదు, తుప్పలు వేళ్ళతో సహా పీకకుండా పైపైనే కొయ్యాలి, శనివారాలూ పండగలూ పని బంద్, మగవాళ్ళు తల కప్పుకోవాలి, లోపల తినడాలు తాగడాలు వద్దు, ఇవన్నీ మీకు తెలిసినవే. ఎముక పైకి కనబడితే ఫోటో కూడా తియ్యకుండా ఆగిపోయి రబ్బీకి, అంటే యూదుల మతగురువుకి, కబురు పంపాలి, అదీ తెలుసు.

తేదీలే రాలేదు, దాదాపు ఎవరికీ.

మళ్ళీ చెప్తున్నా. హీబ్రూలో అక్షరాలే అంకెలు, రాళ్ళ మీద ఎక్కువగా వేల స్థానం వదిలేసి మిగతాదే చెక్కుతారు. హీబ్రూ ఏడాది 5369 అనుకోండి, షిన్ 300, సామెఖ్ 60, తేత్ 9 అని 369 మాత్రమే ఉంటుంది. దానికి 1240 కలిపితే ఇంగ్లీషు ఏడాది 1609, ప్రాగ్ పాత శ్మశానంలో ఉన్న రబ్బీ లోవ్ పోయిన ఏడాది. అక్కడే అవిగ్దోర్ కారా అనే రబ్బీ రాయి ఉంది, మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది, 199 కి 1240 కలిపితే 1439. ఈ రెండూ అందరూ కరెక్టుగా చేశారు, ఎందుకంటే ఒకటి ఎలూల్ నెల, ఇంకోటి ఇయ్యార్, ఆ నెలల్లో గొడవ లేదు.

గొడవంతా హీబ్రూ ఏడాది మారే నెల తిష్రీ నుంచి మొదలవుద్ది. మన ఉగాది లాగే వాళ్ళ కొత్త సంవత్సరం కూడా జనవరి 1న రాదు, సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో వస్తుంది. అంటే తిష్రీ, హెష్వాన్, కిస్లేవ్ నెలల్లో హీబ్రూ ఏడాది మారిపోయింది గానీ ఇంగ్లీషు ఏడాది ఇంకా మారలేదు, అందుకే కలిపాక ఒకటి తీసెయ్యాలి. ఈ ముక్క పోయినసారి కూడా రాశా, 1240 చూసి సంబరపడి కింద లైను చదవకుండా వెళ్ళిపోయారు. ఉక్రెయిన్‌లోని ఉమన్‌లో సమాధి ఉన్న రబ్బీ నహ్మాన్ పోయింది 571 తిష్రీ 18న. మీరంతా 1811 అని పంపారు, ఆయన పోయింది 1810 అక్టోబర్ 16న. మెజిరిచ్ మగ్గిద్ (మగ్గిద్ అంటే బోధకుడు), 533 కిస్లేవ్ 19, మీ లెక్కలో 1773, నిజానికి 1772 డిసెంబర్. కిస్లేవ్ తర్వాత వచ్చే తేవేత్ ఇంకా పేచీకోరు నెల, సగం డిసెంబర్‌లో సగం జనవరిలో పడొచ్చు. ల్యాదీ ఊరి రబ్బీ షనెయూర్ జల్మాన్ 573 తేవేత్ 24న పోయారు, నెలాఖరు కదా జనవరి అయ్యుంటుందిలే అనుకుంటే తప్పు, అది 1812 డిసెంబర్ 27. పైగా అప్పట్లో రష్యా పాత జూలియన్ క్యాలెండర్ వాడేది, అక్కడి కాగితాల్లో అదే రోజు డిసెంబర్ 15. అందుకే తేవేత్ అని కనబడగానే నేను నోటి లెక్క ఆపేసి తేదీలు మార్చే కన్వర్టర్ తీస్తా. అసలు నేనైతే ముందు నెల చదువుతా, తర్వాతే ఏడాది జోలికి పోతా, మీరూ అలవాటు చేసుకోండి.

ఒక్క ఏడాదేగా అంటారేమో. మనం తిథి చూసి తద్దినం పెట్టినట్టే వాళ్ళు హీబ్రూ తేదీ ప్రకారం ఏటా యార్‌జైట్ చేసుకుంటారు. ఎక్కడో అమెరికాలో ఉన్న మునిమనవడు మీ లిస్టు చూసి తాత రాయి వెతుక్కుంటాడు, అందుకని హీబ్రూ తేదీ రాయి మీద ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో, మన లెక్క వేరే కాలమ్‌లో ఉండాలి, రెండూ కలిపెయ్యొద్దు.

అక్షరాల సంగతి. దాలెత్, రేష్ ఒకేలా ఉన్నాయని కంగారు అక్కర్లేదు, పెద్ద అంకె నుంచి చిన్నదానికి రాస్తారు కాబట్టి చివర్లో ఉంటే అది దాదాపు ఎప్పుడూ 4 గానీ 200 కాదు (సరిగ్గా 200, 600 లాంటి ఏడాదులు తప్ప). హే, హేత్ మాత్రం నిజంగానే ముంచుతాయి, 5 ఒకటి 8 ఒకటి, రెండూ చివర్లోనే వస్తాయి. రాయి మీద వారం కూడా ఉంటే దాంతో సరిచూడండి. లేకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్యండి, అంతేగానీ అక్షరం తేలాలని చాక్‌పీస్ పొడి, ముగ్గుపిండి పూసి ఫోటోలు పంపొద్దు బాబూ! మన శాసనాల దగ్గర తడి కాగితం వేసి బ్రష్‌తో కొట్టి సిరాతో అచ్చు తీస్తారని తెలుసు, ఇక్కడ అది కూడా వద్దు, పెచ్చులూడే రాయి మీద ఆ దెబ్బలు పడకూడదు. అద్దంతో ఎండని పక్కనుంచి వాలుగా కొట్టించండి, చాలావరకు చదవొచ్చు.

రాయి మీది రాతలో కింది వరస మట్టిలో ఉంది, కాస్త తవ్వి చూడొచ్చా అని ఒకరు అడిగారు. తవ్వొద్దు. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో జ్యూబరీ అనే మధ్యయుగపు యూదు శ్మశానాన్ని 1982-83లో కట్టడాల కోసం తవ్వితే దాదాపు 500 మంది అవశేషాలు బయటపడ్డాయి, యూదు పెద్దలు అడ్డు చెప్పాక 1984లో తిరిగి పాతిపెట్టారు. షీట్‌లో "కింది వరస మట్టిలో" అని రాయండి చాలు.

ప్రాక్టీసు: కేరళ చెన్నమంగళంలో సారా బత్ ఇజ్రాయెల్ సమాధిరాయి ఉంది, 1269 నాటిది. 1269లో ఒకరు ఇయ్యార్‌లో, ఇంకొకరు కిస్లేవ్‌లో పోయారనుకుని ఇద్దరి హీబ్రూ ఏడాదీ అక్షరాల్లో రాయండి, ఒకరిది ఒక్క అక్షరంతోనే అయిపోతుంది, అలా రాకపోతే లెక్క తప్పినట్టే. తర్వాత ఆ రాయి మీద నిజంగా ఏ శకం వాడారో వెతకండి. కన్వర్టర్ వాడితే వాడామని రాయండి.