ఏ తెలుపు ఎన్నాళ్లు తెల్లగా ఉంటుంది? తైలవర్ణాలను ఇంట్లోనే ఎలా పరీక్షించాలి?

ట్యూబు నుంచి పిండిన రోజున ఏ తెలుపైనా మల్లెపూవులాగే ఉంటుంది. అసలు రంగు ఏడాదికి గానీ బయటపడదు. విజయవాడ ఎండలో, వానాకాలపు ఉక్కలో అది ఎలా మారుతుందో మీ ఇంట్లోనే చూసుకోవాలి.

ముందు ట్యూబు వెనక సన్నటి అక్షరాలు చదవండి. తెలుపు దేనితో చేశారో చెప్పే సంకేతం అక్కడ ఉంటుంది: పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింకు, పీడబ్ల్యూ 1 అంటే సీసం. ముందువైపు టైటానియం అని రాసి ఉన్నా, చాలా ట్యూబుల్లో జింకు కూడా కలిపి ఉంటుంది. నూనె పేరూ చూడండి. అవిసె నూనె పొర గట్టిది, కానీ పసుపెక్కుతుంది. కుసుమ నూనె అంతగా పసుపెక్కదు గానీ నెమ్మదిగా ఆరుతుంది, పొర బలం తక్కువ.

ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పూసిన అట్టలు రెండు తీసుకోండి. ఒక్కో అట్టకు అడ్డంగా నల్ల యాక్రిలిక్‌తో గీత గీసి ఆరనివ్వండి. గీతను దాటేలా, వేలెడు వెడల్పు ఖాళీ వదిలి, రెండు పక్కలా మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. మధ్యలో రంగు పెట్టి, పాత ఏటీఎం కార్డు అంచును టేపు మీద ఆనించి ఒక్క లాగుడులో లాగండి. రెండు అట్టల మీదా ప్రతి తెలుపుకూ ఇలాగే ఒక్కో పట్టీ వేయండి. మందం సమానంగా లేకపోతే పోలికకు అర్థమే లేదు. నల్ల గీతను ఏది ఎంత కప్పిందో అప్పుడే తెలుస్తుంది. టైటానియం కప్పేస్తుంది, జింకు కింద గీత కనిపిస్తూనే ఉంటుంది. అట్ట వెనక పేరు, నూనె, తేదీ రాయండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వదలకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి బయట పారేయండి.

రంగు ఆరాక ఒక అట్టను నేరుగా ఎండ తగలని గోడకు తగిలించి, రెండోదాన్ని బీరువాలో పెట్టండి. ఏడాది తర్వాత రెండింటినీ పగటి వెలుగులోనే పోల్చండి. బీరువాలోది పసుపెక్కి ఉంటే కంగారుపడకండి: కొన్ని వారాలు కిటికీ దగ్గర ఉంచితే ఆ పసుపు చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ మిగిలిన పసుపునే లెక్కలోకి తీసుకోండి.

జింకు సంగతి వేరు. అది నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి, పొరను పెళుసుగా చేస్తుంది. దళసరి కాగితం మీద కూడా ఒక జింకు పట్టీ పూసి ఉంచి, ఏడాది తర్వాత దాన్ని మెల్లగా వంచి చూడండి, పగుళ్లు కనిపించవచ్చు. కింది పొరల్లో దాన్ని వాడవద్దనే నా గట్టి సలహా. సీసం తెలుపు మెత్తగా వంగుతుంది, త్వరగా ఆరుతుంది. ఇది పాతకాలపు తెలుపు: చిత్రకారుడు రవివర్మ 1906లో మరణించేనాటికి టైటానియం తెలుపు బజారులోకే రాలేదు. అయితే సీసం విషం. పిల్లలున్న ఇంట్లో ఉంచకండి, ఆరిన పొరను గరుకు కాగితంతో రుద్దకండి.

కొత్తగా మొదలుపెట్టేవారికి జింకు కలపని టైటానియం చాలు: కింది పొరలకు అవిసె నూనెలో నూరినది, చివరి పొరకు కుసుమ నూనెలో నూరినది.