పిల్లలను నాటకానికి తీసుకెళ్తున్నారా?

హైస్కూలు విద్యార్థులకు మహానగరంలో నాటకం చూపించాలనుకునే ఉపాధ్యాయులు రాత్రి ప్రదర్శన కన్నా మధ్యాహ్నం ఆట ఎంచుకోవడం మేలు. బృందానికి రాయితీ ఉందేమో టికెట్ల కార్యాలయానికి ఫోను చేసి అడగండి. ఆలస్యంగా వచ్చినవారిని చాలా థియేటర్లు విరామం దాకా లోపలికి పంపవు, కాబట్టి ముప్పావు గంట ముందే చేరుకోవాలి. ప్రతి వరుసకూ రెండు చివర్లా పెద్దవాళ్లు కూర్చోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ముందు రోజు కథ సగం వరకే చెప్పండి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిన పిల్లలు తొలి దృశ్యం నుంచే లీనమవుతారు. తెలియని ముగింపు కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆట ముగిశాక బయట జనంలో వెతుక్కోకుండా, సీట్లలోంచి లేవకముందే లెక్క చూసుకోండి.