కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తీసే ముందు చనిపోయిన దాత రక్తం విషయంలో జాగ్రత్తలు

చెన్నై వేడికి ఆలస్యం చేయొద్దు. చనిపోయిన 6 గంటల్లోపు పని ముగియాలి.

• ముందు కుటుంబంతో మాట్లాడండి, తెలుగువాళ్లయితే తెలుగులోనే. కుక్క కరిచిందా? చివర్లో నీళ్లంటే భయపడ్డారా? కారణం తేలని మెదడువాపు ఉంటే వదిలేయండి. రేబిస్‌ను కింద చెప్పే రక్తపరీక్షలు పట్టవు.

• కేస్ షీట్‌లో సెలైన్ లెక్క చూడండి, అందరూ మరిచేది ఇదే. చివరి గంటలో 2 లీటర్లకు మించి సెలైన్, లేదా 48 గంటల్లో అంతకు మించి రక్తం ఎక్కితే యాంటీబాడీలు పలచబడి, పాజిటివ్ కాస్తా నెగటివ్‌గా కనబడొచ్చు. ఎక్కించకముందు తీసిన నమూనా ల్యాబ్‌లో ఉందేమో వెతకండి.

• డ్రిప్ ఉన్న చేతి నుంచి రక్తం తీయొద్దు, తొడ సిర మేలు. సిరంజి గట్టిగా లాగితే కణాలు పగిలి సీరం (గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎర్రబడుతుంది, లేనిపోని పాజిటివ్‌లొస్తాయి.

• హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు: కిట్ మృతుల రక్తానికి పనికొస్తుందో లేదో దాని కాగితంలో చదవండి.

• ఫలితాలొచ్చేదాకా కార్నియా క్వారంటైన్ అరలోనే (విడిగా పెట్టే చోట) ఉండాలి.