జెట్ వెనక సీట్లో కూర్చునే ముందు

మొదటిసారి యుద్ధవిమానం వెనక సీట్లో ఎగరబోయేవాళ్లు ఎక్కువగా అడిగేది ‘కళ్లు తిరుగుతాయా’ అని. తిరుగుతాయి, వాంతి కూడా కావచ్చు. దానికి సంచి ఇస్తారు. అడగాల్సింది కూర్చోబోయే కుర్చీ గురించి. అది ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో మనిషిని విమానంలోంచి బయటికి ఎగరేసే కుర్చీ. అందులో పేలుడు మందు, రాకెట్ మోటారు, ప్యారాచూట్ ఉంటాయి. అన్నింటినీ కదిలించే హ్యాండిల్ చాలా విమానాల్లో మీ రెండు తొడల మధ్యే ఉంటుంది.

2019 మార్చిలో ఫ్రాన్స్‌లో 64 ఏళ్ల పౌరుడొకరిని రఫేల్ వెనక సీట్లో ఎక్కించారు. అది తోటి ఉద్యోగులు ఆయనకిచ్చిన సర్‌ప్రైజ్. పట్టీలు వదులుగా ఉన్నాయి, హెల్మెట్ సరిగా బిగించలేదు. టేకాఫ్ అయ్యాక విమానం బాగా ఏటవాలుగా పైకి లేచి ఒక్కసారిగా సమతలానికి రాగానే ఆయన కుర్చీలోంచి పైకి తేలారు. కంగారులో చేతికి దొరికినదాన్ని పట్టుకున్నారు. అది ఎజెక్షన్ హ్యాండిల్. సుమారు 2,500 అడుగుల ఎత్తులో బయటికి ఎగిరిపోయారు, హెల్మెట్ గాల్లోనే ఊడింది. చిన్న దెబ్బలతో బయటపడ్డారు. పద్ధతి ప్రకారం ముందు సీటు కూడా పేలాలి. ఏదో లోపం వల్ల పేలలేదు కాబట్టి పైలట్ కానోపీ (పైనుండే గాజు మూత) లేని విమానాన్ని క్షేమంగా దింపగలిగాడు.

అందుకే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, భయం వేస్తే ఏది పట్టుకోవాలో నేల మీదే అడిగి తెలుసుకోండి. కెమెరా తాళ్లు, ఫోను, పెన్ను, ఊడి ఎగిరేది ఏదీ వెంట వద్దు. డాక్టరు ఏదైనా పరిమితి పెట్టి ఉంటే అది పైలట్‌కు చేరిందో లేదో మీరే స్వయంగా చెప్పి చూసుకోండి. ఆ రఫేల్ ప్రయాణికుడి విషయంలో డాక్టరు పెట్టిన పరిమితి పైలట్‌కు చేరలేదు.

ఇక పట్టీలు. ఊపిరి ఆడితే చాలు, అంత బిగించమనండి. సీటుకూ పిరుదులకూ మధ్య అంగుళం సందు ఉందనుకోండి. పేలుడుతో ముందుగా సీటు కదిలి, వేగం పుంజుకున్నాక వచ్చి వెన్నుకు తగులుతుంది. మెత్తటి దిండు వేసుకున్నా ఇదే జరుగుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఈ మాట నచ్చదు గానీ, అందుకే ఆ సీటు అంత గట్టిగా ఉంటుంది. సీటు ఎగిరేటప్పుడు 12 నుంచి 20 జీ దాకా, అంటే ఒంటి బరువుకు 12 నుంచి 20 రెట్ల దాకా, తోపు తగులుతుంది. 15 జీ దగ్గర 70 కిలోల మనిషి బరువు టన్ను పైచిలుకు అవుతుంది, అందులో నడుం పైభాగం బరువంతా వెన్ను మీదే పడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది ఛాతీ, నడుం కలిసే చోటి వెన్నుపూసలు. కాబట్టి నడుం సీటుకు ఆనించి, తల వెనక్కి పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, మోచేతులు లోపలికి ముడుచుకోవాలి. హ్యాండిల్ ఎక్కడుందో చూద్దామని తల వంచితే మెడ పోతుంది.

బరువూ లెక్కే. తేలికపాటి పైలట్ల మెడకు ప్రమాదమని 2015లో అమెరికా వైమానిక దళం 62 కిలోల లోపు వాళ్లను ఎఫ్-35 యుద్ధవిమానం నడపనివ్వలేదు. హెల్మెట్ బరువు తగ్గించి, సీటులో మార్పులు చేశాక 2017లో ఆ ఆంక్ష ఎత్తేసింది. మీ బరువు దాచుకోకండి, అది మొహమాటపడే చోటు కాదు.

‘జీరో-జీరో సీటు (ఎత్తు సున్నా, వేగం సున్నా అయినా పనిచేసేది), విమానం నేల మీద ఆగి ఉన్నా కాపాడుతుంది’ అని ధీమాగా చెబుతారు. నిజమే, విమానం సమతలంగా, కదలకుండా ఉంటే. అది తలకిందులుగా ఉన్నా, వేగంగా కిందికి జారుతున్నా ఆ భరోసా ఉండదు, చాలా ఎక్కువ ఎత్తు కావాలి. వేగానికీ హద్దుంది. చాలా సీట్లు గంటకు సుమారు 1,100 కిలోమీటర్ల వరకే రూపొందినవి. ఆ వేగంలో గాలి చేతుల్నీ కాళ్లనూ విరిచేస్తుంది. కాళ్లను లాగి పట్టే పట్టీలు అందుకే. చాలామంది చనిపోయేది ఎజెక్ట్ కావడం వల్ల కాదు, ఆలస్యంగా ఎజెక్ట్ కావడం వల్ల. ‘ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం’ అనే ఆశ అక్కడ చాలా ఖరీదు. అదుపు తప్పితే ఏ ఎత్తులో విమానాన్ని వదిలేయాలో ముందే రాసి ఉంటుంది. కొన్ని జెట్‌లకు 10,000 అడుగులు, కొన్నింటికి 6,000. ఆ అంకె బ్రీఫింగ్‌లో అడగండి. హ్యాండిల్ ఎవరు లాగితే ఎవరెవరు ఎగురుతారో కూడా అడగండి. ఒకరు లాగితే ఇద్దరూ ఎగిరేలా అమర్చి ఉంటే మామూలుగా వెనక సీటే ముందు పోతుంది, లేకపోతే ముందు సీటు రాకెట్ మంట మీ మీదికి వస్తుంది.

ప్యారాచూట్‌తో దిగాక బాగానే ఉన్నట్టు అనిపించినా లేచి నడవకండి. వెల్లకిలా పడుకుని ఉండండి, స్కాన్ తీసేదాకా వెన్ను విరగలేదని ఎవరూ చెప్పలేరు.

ఏమీ జరగకుండా తిరిగొచ్చి ఇంజన్ ఆగినా పని అయిపోలేదు. 2011లో బ్రిటన్ వైమానిక దళపు విన్యాసాల బృందం రెడ్ యారోస్ విమానం నేల మీద ఉండగానే సీటు పేలింది. అది నేల మీద కూడా పనిచేయాల్సిన సీటే, కానీ ఒక బోల్టు మరీ బిగించడంతో ప్యారాచూట్ తెరుచుకోలేదు. పైలట్ చనిపోయాడు. ఎర్ర పట్టీ వేలాడే సేఫ్టీ పిన్ను సీటులో సరిగ్గా దూర్చారని కళ్లతో చూసేదాకా మీ పట్టీలు విప్పకండి, వంగకండి, కింద ఏదో పడిందని చెయ్యి పెట్టి వెతకకండి.