పళ్ళు జరిపే విద్య, 4వ పాఠం: కోరపన్ను యాడ ఇరుక్కుంది?

పోయిన పాఠంలో టైపోడాంట్ (మైనంలో పళ్ళు గుచ్చిన ప్రాక్టీసు దవడ) మీద కోరపన్ను వెనక్కి లాగమన్నా. స్టీల్ వైర్ వేసి లాగండి అని విడిగా చెప్పాలా అనుకుని వదిలేశా, అది నా తప్పే. సగం మంది లెవెలింగ్‌కి, అంటే పళ్ళని ఒక వరసకి తేవడానికి వేసిన 0.016 నైటై (0.016 అంగుళాల మందం ఉన్న మెత్తటి నికెల్ టైటానియం వైర్) మీదనే ఈ-చైన్ (పన్నుని లాగే రబ్బరు గొలుసు) కట్టేశారు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఫోటోలో అయితే పన్ను తాగినోడు గోడకి వాలినట్టు వాలిపోయుంది. అది చాలదన్నట్టు, కదలడం ఆగిందని చైన్‌లో ఒక లింకు తగ్గించి ఇంకా బిగించారంట.

దానిమీద అందరిదీ ఒకటే ప్రశ్న, "ఫ్రిక్షన్ ఎక్కువైంది కదా సార్, సెల్ఫ్ లైగేటింగ్ బ్రాకెట్ వేస్తే సరిపోద్దా?" అని. బ్రాకెట్ అంటే పన్నుకి అంటించే ముక్క, వైర్ కూర్చునే గాడి దాంట్లోనే ఉంటది, దాన్నే స్లాట్ అంటారు; సెల్ఫ్ లైగేటింగ్ అంటే వైర్‌ని తన క్లిప్‌తో తనే పట్టుకునేది. సరిపోదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాలుద్ది, అందుకే ఈ పాఠమంతా దీనికే పోద్ది.

నెల్లూరు ట్రంక్ రోడ్డులో పొద్దున్నే షాపులు తెరిచేటప్పుడు చూడండి. షట్టర్ని ఓ మూల పట్టుకుని లేపితే అది వంకరపోయి రెండు పక్కలా గాడిలో బిగుసుకుంటది. అప్పుడు గ్రీజు పూసినా పెద్దగా లాభం ఉండదు, బలమంతా పెట్టి లాగితే ఇంకా బిగుస్తది. అదే మధ్యలో పట్టి నిలువుగా లేపితే సర్రున పైకి పోద్ది. పన్నుదీ అదే కత. మనం లాగేది పైన బ్రాకెట్ దగ్గర, పన్నుని ఆపేదేమో కింద ఎముకలో ఉన్న వేరు, అందుకని పన్ను ముందు వాలుద్ది, వాలగానే స్లాట్ రెండు మూలలు వైర్‌ని ఎదురుబొదురుగా కరుస్తాయి. దీన్నే బైండింగ్ అంటారు. మాడ్యూల్ (వైర్‌ని బ్రాకెట్‌కి కట్టే రబ్బరు రింగు) వైర్‌ని స్లాట్ అడుక్కి నొక్కడం వల్ల వచ్చే రాపిడి వేరు, ఇది వేరు. క్లిప్ బ్రాకెట్ తగ్గించేది ఆ మొదటిదాన్నే, మూలలు కరిచాక క్లిప్ ఉన్నా లేకున్నా ఒకటే. ఇంకా ముదిరితే వైర్ మీద నొక్కు పడుద్ది, అది నాచింగ్, అక్కడ పన్ను పూర్తిగా ఆగిపోద్ది.

లెక్క చూడండి. స్లాట్ 0.022 అంగుళాలు, బ్రాకెట్ వెడల్పు 0.130 అనుకుందాం. 0.016 వైర్‌కి సందు 0.006, అంటే దాదాపు 2.6 డిగ్రీలు వాలాక కరుస్తది. 19×25 స్టీల్‌కి (0.019×0.025 అంగుళాల పలక వైర్) సందు 0.003, 1.3 డిగ్రీలకే కరుస్తది. అయితే సన్న వైరే మేలు కదా అంటారు, ఇక్కడే మళ్ళీ పడతారు! సన్న నైటై కరిచాక కూడా వంగుతానే ఉంటది, పన్ను వాలతానే ఉంటది. స్టీల్ కరిచాక వంగదు, పన్నుని తిరిగి నిలబెడతది, నిలబడగానే పట్టు వదులుద్ది, పన్ను కొంచెం జరుగుద్ది, మళ్ళీ వాలుద్ది. అట్టా వాలతా లేస్తా పోవడమే కదలికంటే. అందుకే 19×25 వేశాక కనీసం నెల ఊరుకుని, అది స్లాట్లలో వదులుగా కూర్చున్నాకే లాగండి.

వైర్ల సంగతి రెండు ముక్కల్లో: రాపిడి తక్కువ స్టీల్‌కి, తర్వాత నైటై, అందరికంటే ఎక్కువ టీఎంఏకి (టైటానియం, మాలిబ్డినం కలిపిన వైర్). టీఎంఏ నైటై కంటే నున్నగానే ఉంటది గానీ దాంట్లో ఉన్న టైటానియం పోయి స్లాట్‌కి అతుక్కుంటది. దాన్ని వైర్ వంచి చేసే లూపులకే ఉంచండి. సిరామిక్ బ్రాకెట్ అయితే మెటల్ స్లాట్ ఉన్నదే తీసుకోండి. నేనైతే మాడ్యూల్ మానేసి స్టీల్ లిగేచర్ (మెలేసి కట్టే సన్న తీగ) కట్టి కొసన పావు మెలిక వదులు చేస్తా.

ప్రాక్టీసు మర్చిపోయా. ఒక అట్ట మీద కోణాలు గీసి బ్రాకెట్ అంటించండి, వైర్ కింది కొసకి చిన్న బరువు వేలాడదీసి, పై కొసని గేజ్‌తో లాగి, వచ్చినదాంట్లోంచి ఆ బరువు తీసెయ్యండి. 0, 1, 2, 3, 5 డిగ్రీలు, 0.016 నైటై, 19×25 స్టీల్, 19×25 టీఎంఏ, ఒకసారి మాడ్యూల్‌తో ఒకసారి లిగేచర్‌తో, ఒక్కోటి పదిసార్లు. మొత్తం 300 లాగుళ్ళు. ప్రతిసారీ కొత్త మాడ్యూల్, పాతది సాగిపోయి అబద్ధం చెప్తది. స్టీల్ నంబరు ఏ డిగ్రీ దగ్గర ఎగిరిందో గ్రాఫ్ గీసి పంపండి, ఆ వాలిపోయిన పన్ను వేడినీళ్ళలో పెట్టి మొదటి చోటుకి తెచ్చుకుని ఉంచండి, వచ్చే వారం దాంతోనే పని.