కలంకారీ చీరకు కథ దొరికిన రోజు

పత్రిక కోసం నేను తీసిన మొదటి ఫ్యాషన్ ఫొటోలు తిరిగొచ్చాయి. "చీర కనిపిస్తోంది, కథ కనిపించడం లేదమ్మా" అన్నారు సంపాదకురాలు. చంద్రగిరి కొండ దగ్గర మిట్టమధ్యాహ్నం తీసినవవి. మోడల్ కళ్ల కింద నల్లని నీడలు, ఎండకు వెలిసిపోయిన పైట. ఆవిడ మాట నిజమే.

ఈసారి కెమెరా తీయకముందే శ్రీకాళహస్తి వెళ్లాను. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని కళాకారుడు వేళ్లతో నొక్కుతుంటే, బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీళ్లు మొనలోంచి సన్నని గీతగా దిగుతున్నాయి. కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే ఆ గీత నల్లబడింది! నా కథ అదే: గీత గీసే చేతి నుంచి చీర కట్టిన భుజం దాకా ఆరు ఫొటోలు.

మళ్లీ చంద్రగిరి, ఉదయం ఆరున్నర. థర్మాకోల్ పలకతో ముఖం మీదికి వెలుగు మళ్లించి, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) కొద్దిగా తగ్గించాను. లేతరంగు మీద గీతలన్నీ నిలిచాయి. రెండు పేజీల్లో పరిచే ఫొటోలో ముఖం పేజీల మధ్య మడతలో పడకూడదు, శీర్షికకు కాస్త ఆకాశం వదలాలి. ఇది మొదటే తెలిసి ఉంటే ఎంత బాగుండేది! అచ్చు కోసం అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున పంపాను. ఆరింటిలో ఐదు తీసుకున్నారు.